చిన్న స్కూల్ రెజ్లింగ్ టీమ్: వెయిట్ క్లాసులు 14, పిల్లలు తొమ్మిది మంది. ఏం చేయాలి?

అయోవా_నాన్న

అందరికీ నమస్తే. ఈ వేదికలో ఎక్కువగా క్రికెట్ లీగులు, స్పెల్లింగ్ బీలు, కాలేజీ అడ్మిషన్ల గురించి మాట్లాడుకుంటాం. నా సమస్య వేరు. రెజ్లింగ్ ఆడే పిల్లలున్న తల్లిదండ్రులు ఇక్కడ ఎవరైనా ఉంటే సలహా కావాలి.

నేను జె-1 వెయివర్ (డాక్టర్లు తక్కువున్న ఊళ్లో కొన్నేళ్లు పనిచేసే వీసా ఒప్పందం) మీద పశ్చిమ అయోవాలో ఒక చిన్న ఊరికి డాక్టర్‌గా వచ్చాను. గడువు తీరాక ఏదో ఒక సిటీకి వెళ్లిపోదామనుకున్నాం గానీ ఊరు నచ్చి ఉండిపోయాం. మా వాడు ఇప్పుడు టెన్త్, 132 పౌండ్ల వెయిట్‌లో ఆడతాడు. వాళ్ల హైస్కూల్లో నాలుగు తరగతులూ కలిపితే రెండు వందల మంది లేరు. అందులో సగం అమ్మాయిలు. మిగిలిన అబ్బాయిల్లో చలికాలం బాస్కెట్‌బాల్‌కి పోయేవాళ్లు పోగా రెజ్లింగ్ గదిలోకి వచ్చేది తొమ్మిది మంది.

ఇక్కడ అబ్బాయిలకి వెయిట్ క్లాసులు 14. అంటే ప్రతి డ్యూయల్ మీట్‌లో (రెండు స్కూళ్ల మధ్య పోటీ, ఒక్కో వెయిట్‌కి ఒక్కడు) ఐదు ఖాళీ. ఖాళీగా వదిలేసిన ఒక్కో వెయిట్‌కి అవతలి టీమ్‌కి 6 పాయింట్లు, పిన్ చేస్తే (ఎదుటివాడి భుజాలు మ్యాట్‌కి ఆనిస్తే) ఎంత వస్తుందో అంత. ఐదు ఖాళీలకి 30 పాయింట్లు మనం ఊరికే ఇచ్చేసినట్టు. ఇప్పుడు మన తొమ్మిది మందిలో ఆరుగురు గెలిచారనుకోండి. ముగ్గురు పిన్ చేసి 18, ముగ్గురు మామూలు డెసిషన్‌తో (పాయింట్ల మీద గెలుపు) 9, మొత్తం 27. ఓడిన ముగ్గురూ డెసిషన్‌తోనే ఓడితే వాళ్లకి 9. ఫైనల్ స్కోరు 39-27, ఓటమి. మ్యాట్ మీద ఆరు గెలిచి మూడే ఓడిన పిల్లలు బస్సులో తలలు వంచుకుని తిరిగి వస్తారు.

బూస్టర్ క్లబ్ (టీమ్‌కి అండగా ఉండే సంఘం) వాళ్లు వచ్చే సీజన్ గురించి మీటింగ్ పెట్టారు. పక్క ఊరి స్కూల్‌తో కలిసి ఒకే టీమ్ చేయాలని కొందరు, మన పేరు పోతుందని కొందరు. నన్నూ మాట్లాడమన్నారు. నేను వైద్యం చదివినవాణ్ని, కుస్తీ తెలిసినవాణ్ని కాదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

శ్రీను_ఫ్రిస్కో

డాక్టర్ గారూ, మీ పోస్ట్ చదివి ఆశ్చర్యపోయాను. మా అబ్బాయి స్కూల్లో ఒక్కో వెయిట్‌కి ఇద్దరు ముగ్గురు ఉంటారు. వర్సిటీ (స్కూల్ మొదటి టీమ్) స్థానం కోసం వాళ్లలో వాళ్లే తలపడాలి. టెక్సస్‌లో స్కూల్ ఆటలు నడిపే యూఐఎల్ కింద రెజ్లింగ్ మొదలైందే 1998-99లో, ఇప్పటికీ పెద్ద స్కూళ్ల 5ఎ, 6ఎ అని రెండే విభాగాలు. అంతకంటే చిన్న స్కూళ్లు ఆడాలనుకుంటే 5ఎలోనే కలవాలి. అందుకే ఇక్కడ చిన్న ఊళ్లలో అసలు టీమ్ పెట్టే ఆలోచనే తక్కువ.

ఒక అనుమానం. ఫుట్‌బాల్ ఆడే పెద్ద పిల్లల్ని చలికాలంలో ఇటు తీసుకురాలేరా? మా కోచ్ అదే చేస్తాడు, 215, 285 నిండిపోతాయి.

అయోవా_నాన్న

శ్రీను గారూ, ఆ పిల్లలే ఫుట్‌బాల్, ఆ పిల్లలే రెజ్లింగ్, ఆ పిల్లలే ట్రాక్. మా దగ్గర ఫుట్‌బాల్ కూడా ఎనిమిది మందితో ఆడేదే. పదకొండు మంది దొరకరని రాష్ట్రమే ఆ ఏర్పాటు చేసింది.

బోధన్_పోరడు

అన్నా, నమస్తే. నేను నెబ్రాస్కా తూర్పు భాగంలో ఉంటాను, వాలంటీర్ అసిస్టెంట్ కోచ్‌ని. మా స్కూల్ కూడా మీలాంటిదే. మీరు స్కోరు లెక్క సరిగ్గా చెప్పారు. కానీ నన్నడిగితే ఫోర్ఫీట్ (ఖాళీ వెయిట్‌ వదిలేసినందుకు పోయే) పాయింట్లు మీ అసలు కష్టం కాదు. రోజూ సాయంత్రం ఆ గదిలో మీ వాడు ఎవరితో తలపడుతున్నాడన్నదే అసలు ప్రశ్న.

తొమ్మిది మందిలో 106 వాడు ఒకడు, 285 వాడు ఒకడు, మధ్యలో మిగిలినవాళ్లు. మీ వాడి బరువుకి దగ్గరగా ఉండేది ఒక్కడే అయి ఉంటాడు. ఇద్దరూ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఒకరితో ఒకరే ప్రాక్టీస్ చేస్తారు. జనవరికల్లా ఒకడి పట్లు ఇంకొకడికి కంఠతా వచ్చేస్తాయి. ఒకడు ఎడమ కాలికి షాట్ (కాలు పట్టడానికి దూసుకెళ్లడం) వేస్తాడని పార్ట్‌నర్‌కి ముందే తెలుసు కాబట్టి ఆపేస్తాడు. వీడేమో తన షాట్ పని చేయట్లేదనుకుని వేయడమే మానేస్తాడు. వాడు పనికిరాని షాట్ అనుకుంటున్నది బయటి కుర్రాడి మీద చక్కగా పని చేసేదే! ఆ పార్ట్‌నర్‌కి జ్వరం వచ్చిందంటే ఇక కోచ్‌తోనే పట్టాలి. నలభై దాటిన మాలాంటివాళ్లం పదహారేళ్ల పిల్లాడికి ఎంతసేపు తోడు నిలుస్తాం?

పెద్ద స్కూల్లో 132 వాడికి 126, 138, 144 పిల్లలు అందరూ దొరుకుతారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి, ఒకడు కాళ్లతో చుట్టేసేవాడు, ఒకడు కింది నుంచి ఇట్టే లేచిపోయేవాడు. సీజన్ చివరికి ఎలాంటి ఒళ్లు ఎదురైనా వాడికి కొత్త కాదు. చిన్న స్కూల్ పిల్లాడికి ఆ వైవిధ్యం డిస్ట్రిక్ట్ టోర్నమెంట్‌లోనే మొదటిసారి కనిపిస్తుంది.

అందుకే నేను ముందు గదిని నింపమంటాను. పోటీ టీమ్ సంగతి తర్వాత చూడొచ్చు. మేం పక్క స్కూల్‌తో టీమ్ కలపలేదు, వారంలో ఒక సాయంత్రం ప్రాక్టీస్ మాత్రం కలిపాం. అథ్లెటిక్ డైరెక్టర్లు ఇద్దరూ మీ రాష్ట్ర సంఘం నిబంధనలు చూసుకుని ఒప్పుకుంటే చాలు. మా పిల్లల్లో మార్పు మొదట అక్కడే కనిపించింది.

చారల_చొక్కా

నేను మిన్నెసోటాలో హైస్కూల్ రెజ్లింగ్ రెఫరీగా చేస్తాను. వారాంతాల్లో చిన్న స్కూళ్ల మీట్లే ఎక్కువ పడతాయి. ఒక్కోసారి 14 వెయిట్లలో ఆరు బౌట్లే మ్యాట్ మీద జరుగుతాయి. మిగతావన్నీ పిల్లాడు నడిచి రావడం, నేను చేయి పైకెత్తడం, వెళ్లిపోవడం. స్టాండ్స్‌లో కూర్చున్న తాతలకి, అమ్మమ్మలకి చూడటానికి ఏమీ ఉండదు. గంటన్నర దూరం నుంచి వచ్చిన పిల్లాడికి బౌట్ దొరకదు. ఫోర్ఫీట్ తీసుకున్నవాడు గెలిచాడని మనం అనుకుంటాం గానీ, వాడి మొహం చూస్తే తెలుస్తుంది. ఆ కుర్రాడు ఆడటానికి వచ్చాడు.

ఇందుకే హైస్కూల్ ఆటల జాతీయ సమాఖ్య ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ 2023-24 నుంచి రాష్ట్రాలకి ఛాయిస్ ఇచ్చింది. 12, 13, 14 వెయిట్ క్లాసుల జాబితాల్లో ఏదైనా ఒకటి ఎంచుకోవచ్చు. పెన్సిల్వేనియా 13 పెట్టుకుంది. డాక్టర్ గారు చెప్పిన లెక్కే తీసుకోండి. 12 వెయిట్లు ఉండి, ఆ తొమ్మిది మందీ వేరువేరు వెయిట్లలో పడితే ఖాళీలు మూడే, 18 పాయింట్లు. మ్యాట్ మీద అవే ఫలితాలు వస్తే స్కోరు 27-27. ఓడిపోయే మీట్ టైబ్రేక్ దాకా పోతుంది.

అయినా నేను 12కి వ్యతిరేకిని. ఎందుకో చెబుతాను. మిగతా ఆటలన్నింటిలో వంద పౌండ్ల పిల్లాడికి చోటు లేదు. బాస్కెట్‌బాల్‌లో పొట్టి, ఫుట్‌బాల్‌లో బక్క. రెజ్లింగ్ ఒక్కటే "నీ బరువు వాడితోనే నువ్వు ఆడు, నీ స్థానం నీదే" అంటుంది. వెయిట్ క్లాసు తీసేసినప్పుడల్లా రాష్ట్ర స్థాయిలో అలాంటి కుర్రాళ్ల చోట్లు కొన్ని పోతాయి. చిన్న స్కూళ్ల ఇబ్బంది తీర్చడానికి ఆ ఆట గుణాన్నే తగ్గించుకోవడం నాకు సరిగా అనిపించదు.

కొలంబస్_కృష్ణ

చారల చొక్కా గారితో నేను ఏకీభవించను. ఫుట్‌బాల్‌కి చిన్న స్కూళ్ల కోసం ఎనిమిది మంది ఆట, కొన్ని చోట్ల ఆరుగురి ఆట తెచ్చారు. దానివల్ల ఫుట్‌బాల్ గుణం ఏమైనా తగ్గిందా? శుక్రవారం రాత్రి ఊరంతా గ్రౌండ్ దగ్గరే ఉంటుంది. డ్యూయల్ మీట్ల వరకు చిన్న విభాగంలో పది వెయిట్లు పెట్టి, వ్యక్తిగత రాష్ట్ర టోర్నమెంట్‌కి 14 అలాగే ఉంచొచ్చు. ఇప్పుడున్న నియమాలు ఒప్పుకోకపోవచ్చు, కానీ నియమాలు మార్చింది మనుషులే కదా, మొన్న 2023లోనే మార్చారు.

చారల_చొక్కా

కృష్ణ గారూ, డ్యూయల్స్‌కి వేరు, టోర్నమెంట్‌కి వేరు అన్న మాట బాగుంది. దానికి నేను అడ్డు చెప్పను. బరువు మాత్రం ముందే సర్టిఫై చేస్తారు కాబట్టి రెండు జాబితాల మధ్య పిల్లలు ఊగిసలాడకుండా చూసుకోవాలి.

సుజాత_కాన్సస్

నమస్తే అండి. నాకు పాయింట్ల లెక్కల కంటే భయం వేరు. మా చిన్నాడు నైన్త్. మొదటి సంవత్సరమే వర్సిటీలో దింపేశారు, ఎందుకంటే 113లో ఇంకెవరూ లేరు. ప్రతి బౌట్‌లోనూ పన్నెండో తరగతి పిల్లలు ఎదురయ్యారు. ఎన్నిసార్లు పిన్ అయ్యాడో తలచుకుంటే ఇప్పటికీ మనసు పాడవుతుంది. పెద్ద స్కూల్లో అయితే జేవీ (వర్సిటీ కింది) టీమ్ ఉంటుంది, తనలాంటి కొత్తవాళ్లతో ఆడుకుంటూ నేర్చుకుంటాడు. మా వాడితోపాటు చేరిన ఇంకో ఇద్దరు పిల్లలు క్రిస్మస్ సెలవుల తర్వాత తిరిగి రాలేదు. వాళ్లని తప్పు పట్టను.

ఇంకో టెన్షన్ బరువు. "106లో ఖాళీ ఉంది, కాస్త తగ్గితే టీమ్‌కి ఆరు పాయింట్లు మిగులుతాయి" అన్న మాట ఒక సీనియర్ అన్నాడట. మేం శాకాహారులం, అసలే వాడు తినేది తక్కువ. ఇది ఎంతవరకు సురక్షితం, డాక్టర్ గారూ?

అయోవా_నాన్న

సుజాత గారూ, ఇది నా వృత్తికి సంబంధించింది కాబట్టి వివరంగా రాస్తాను.

1997 చివర్లో కొన్ని వారాల తేడాతో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు తగ్గించుకునే ప్రయత్నంలో చనిపోయారు. రబ్బరు సూట్లు, వేడి గదులు, నీళ్లు మానేయడం, ఇవన్నీ ఆ రోజుల పద్ధతులు. ఆ తర్వాత మొదట కాలేజీల్లో, 2006-07 నుంచి హైస్కూళ్లలోనూ నియమాలు గట్టిగా వచ్చాయి. సీజన్ మొదట్లో మూత్ర పరీక్ష చేస్తారు, స్పెసిఫిక్ గ్రావిటీ 1.025 దాటకూడదు, అంటే ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్నప్పుడే బరువు చూడాలి. తర్వాత శరీరంలో కొవ్వు శాతం కొలుస్తారు. అబ్బాయిలకి 7 శాతం, అమ్మాయిలకి 12 శాతం కంటే కిందికి పోయే బరువు ఒప్పుకోరు. తగ్గినా వారానికి శరీర బరువులో ఒకటిన్నర శాతం మించకూడదు. 116 పౌండ్ల పిల్లాడైతే వారానికి పౌండున్నర పైచిలుకు, అంతే.

మీ అబ్బాయి అసెస్‌మెంట్ కాగితం కోచ్ దగ్గర ఉంటుంది, అడిగి తీసుకోండి. కనీస బరువు అందులో రాసి ఉంటుంది. అది 106 కంటే ఎక్కువ ఉంటే ఎవరేమన్నా ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. తక్కువ ఉన్నా సరే, పద్నాలుగేళ్లు ఎదిగే వయసు. టీమ్ ఖాళీ నింపడం కోసం ఎదిగే పిల్లాడి తిండి తగ్గించడం నేను ఒప్పుకోను. పప్పు, పెరుగు, పన్నీరు, వేరుశనగలు, గుడ్డు తింటే గుడ్డు, ఇవి కడుపు నిండా పెట్టండి. వాడి బరువు ఎక్కడికి పోతే ఆ వెయిట్‌లో ఆడతాడు.

పై వెయిట్‌లో ఆడటానికి రూలు సాయం చేస్తుంది కూడా. ఒక వెయిట్‌లో తూగినవాడు దాని పై వెయిట్‌లో కూడా దిగొచ్చు. చిన్న టీమ్‌ల కోచ్‌లు ఖాళీ నింపడానికి ఎక్కువగా వాడేది ఇదే. అనుభవం లేని పిల్లాడిని అలా పైకి తోస్తే దెబ్బలు తగులుతాయి కాబట్టి అదీ చూసి చేయాలి.

చర్మవ్యాధులు ఇంకో సమస్య. తామర అంటుకుంటే ఒంటి మీద అయితే 72 గంటలు, తల మీద అయితే 14 రోజులు మందు వాడాకే మ్యాట్ ఎక్కాలి. నలభై మంది టీమ్‌లో ముగ్గురికి వస్తే ఎవరికీ తెలియదు. తొమ్మిది మందిలో ముగ్గురికి వస్తే ఆ వారం టీమ్ లేనట్టే. చిన్న స్కూళ్ల వాళ్లు రోజూ మ్యాట్ కడగడం, ప్రాక్టీస్ అయిన వెంటనే స్నానం చేయించడం పెద్ద స్కూళ్ల కంటే పట్టుదలగా చేయాలి.

బోధన్_పోరడు

సుజాత అక్కా, మీ అబ్బాయి లాంటి పిల్లల కోసమే చాలా చోట్ల నోవిస్ టోర్నమెంట్లు, జేవీ ఇన్విటేషనల్స్ పెడతారు. మొదటి, రెండో సంవత్సరం వాళ్లు మాత్రమే ఆడేవి. వర్సిటీ డ్యూయల్‌లో కొన్నిసార్లు ఫోర్ఫీట్ ఇచ్చి, ఆ పిల్లాడిని శనివారం నోవిస్‌కి తీసుకెళ్లమని మీ కోచ్‌ని అడగండి. ఆరు పాయింట్లు పోయినా ఫర్వాలేదు, పిల్లాడు ఉంటాడు. వచ్చే ఏడాది ఆ ఆరు వాడే తెస్తాడు.

చిన్న స్కూల్‌కి వచ్చే పెద్ద నష్టం ఇక్కడే అన్నది నా అభిప్రాయం. పిల్లలు రాకపోవడం కంటే, వచ్చినవాళ్లు మొదటి జనవరిలోనే వెళ్లిపోవడం. మా బోధన్ వైపు ఊళ్లలో జాతరకి కుస్తీలు పెడితే మొదట కొబ్బరికాయ కుస్తీ, పిల్లలది. చివర్లో వెండి కడెం కుస్తీ, పెద్ద పహిల్వాన్లది. ఎవరి జోడీ ఎవరో చూసి కలిపేవాళ్లు పెద్దమనుషులు. కొబ్బరికాయ కుస్తీ పట్టే పిల్లాడిని కడెం కుస్తీలోకి ఎవరూ దింపరు. నేను కోచింగ్‌లో అడిగేది కూడా అదే, కొత్త పిల్లాడికి తగిన జోడీ చూడండి.

లక్ష్మి_పీఏ

ఇంతసేపూ అబ్బాయిల గురించే మాట్లాడుతున్నారు! నేను పెన్సిల్వేనియాలో ఉంటాను, మా అమ్మాయి లెవెంత్, రెజ్లర్. ఇక్కడ వంద స్కూళ్లు అమ్మాయిల టీమ్‌లు పెడితేనే అధికారిక క్రీడగా గుర్తిస్తామన్నారు. 2023లో ఆ సంఖ్య దాటింది, 2024 మార్చిలో హెర్షీలో మొదటి అధికారిక రాష్ట్ర పోటీలు జరిగాయి. డాక్టర్ గారూ, మీ అయోవా అయితే ఇంకా ముందే, 2022-23లోనే మొదలుపెట్టింది. దేశం మొత్తం మీద 2021-22లో 31,654 మంది అమ్మాయిలుంటే 2023-24కి 64,257 అయ్యారు. రెండేళ్లలో రెట్టింపు.

మీ స్కూల్లో సగం అమ్మాయిలే అన్నారు కదా. ఆ సగాన్ని అడిగారా? అమ్మాయిలు వస్తే అబ్బాయిల డ్యూయల్ స్కోరు మారదు, వాళ్ల పోటీలు వేరు. కానీ గది నిండుతుంది. కోచ్ ఉద్యోగం నిలబడుతుంది, బస్సు సగం ఖాళీగా పోదు, కొత్త మ్యాట్ కొనమని బోర్డుని అడిగేటప్పుడు తొమ్మిది కుటుంబాలు కాదు, ఇరవై కుటుంబాలు అడుగుతాయి. తేలిక వెయిట్ అబ్బాయిలకి డ్రిల్ పార్ట్‌నర్లు కూడా దొరుకుతారు. మా అమ్మాయి సీజనంతా 114 అబ్బాయితోనే డ్రిల్ చేసింది, ఇద్దరూ బాగుపడ్డారు.

ఇదివరకు అమ్మాయిలు ఆడాలంటే అబ్బాయిల బ్రాకెట్లో దిగడమే దారి. 2011లో మీ రాష్ట్ర పోటీల్లోనే కాసీ హెర్కెల్మన్ అనే అమ్మాయి మీద ఆడనని ప్రత్యర్థి తప్పుకుంటే దేశమంతా వార్త అయింది. ఇప్పుడు మా పిల్లలకి వాళ్ల సొంత బ్రాకెట్ ఉంది. 2025 జనవరిలో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ కూడా మహిళల రెజ్లింగ్‌కి జాతీయ ఛాంపియన్‌షిప్ హోదా ఇచ్చింది.

మన తెలుగు ఇళ్లలో "ఆడపిల్లకి కుస్తీ ఏంటి" అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. మా అత్తగారు కూడా మొదట అడిగారు. ఒకసారి వచ్చి చూశాక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

కొలంబస్_కృష్ణ

లక్ష్మి గారు చెప్పింది బంగారం లాంటి సలహా.

నేను ఇంకో వైపు చెబుతాను. చిన్న ఊరు కాబట్టి గెలవలేం అని ముందే అనుకోవద్దు. మా ఒహాయోలో సెయింట్ పారిస్ అనే ఊరు, జనాభా రెండు వేలు. అక్కడి గ్రాహమ్ హైస్కూల్ 2001 నుంచి వరసగా ఎన్నో ఏళ్లు డివిజన్ 2 రాష్ట్ర టైటిల్ ఎవరికీ వదల్లేదు. టోక్యో ఒలింపిక్స్‌లో 86 కిలోల్లో బంగారు పతకం గెలిచిన డేవిడ్ టేలర్ ఆ స్కూల్లోనే చదివాడు. 2000 సిడ్నీలో రష్యా వీరుడు కరేలిన్‌ని ఓడించిన రూలన్ గార్డ్‌నర్ వయోమింగ్‌లో ఆఫ్టన్ అనే చిన్న ఊరి రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. డాక్టర్ గారి అయోవాలోనే రెజ్లింగ్‌కి పేరున్న లిస్బన్ ఊరు ఉంది, గిల్బర్ట్‌విల్‌లో డాన్ బాస్కో స్కూల్ ఉంది. గిల్బర్ట్‌విల్ జనాభా ఎనిమిది వందలు.

శ్రీను_ఫ్రిస్కో

కృష్ణ గారూ, డాన్ బాస్కో కేథలిక్ ప్రైవేట్ స్కూల్ కదా? డేవిడ్ టేలర్ కుటుంబం కూడా వయోమింగ్ నుంచి రెజ్లింగ్ కోసమే ఒహాయోకి మారిందని చదివాను. పేరున్న చోటికి మంచి పిల్లలు వస్తారు, పేరు ఇంకా పెరుగుతుంది. పేరు లేని చిన్న స్కూల్ నుంచి పిల్లలు బయటికి పోతారు. రెండూ "చిన్న స్కూల్" అనే విభాగంలోనే ఉంటాయి. ఇది న్యాయమేనా?

కొలంబస్_కృష్ణ

న్యాయం కాదన్న వాదన ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. ప్రైవేట్ స్కూళ్లకి వేరే విభాగం కావాలని పెన్సిల్వేనియాలో ఏళ్ల తరబడి గొడవ. ఆ గొడవ తేలేదాకా మన పిల్లలు ఆగలేరు. లిస్బన్ పబ్లిక్ స్కూలే, ఊరి జనాభా రెండు వేల పైచిలుకు. అక్కడ నాన్న ఆడాడు, బాబాయి ఆడాడు, పిల్లాడు నడక నేర్చిన దగ్గర్నుంచి మ్యాట్ మీద దొర్లుతాడు. హైస్కూల్ కోచ్ చేతికి వచ్చేసరికి పదేళ్ల అనుభవం ఉంటుంది. అలాంటి ఊళ్లలో తొమ్మిదో తరగతి పిల్లాడు కొత్తవాడు కాదు. తేడా అంతా యూత్ క్లబ్‌లో ఉంది.

బోధన్_పోరడు

అవును. యూత్ క్లబ్ లేని చిన్న స్కూల్ ప్రతి నాలుగేళ్లకీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. మంచి బ్యాచ్ ఒకటి వస్తుంది, రాష్ట్రానికి ముగ్గురు పోతారు, ఊళ్లో బ్యానర్లు కడతారు, వాళ్లు గ్రాడ్యుయేట్ అయిపోతారు, వెనకాల ఎవరూ ఉండరు. కోచ్‌ది కూడా అదే కథ. చిన్న స్కూల్లో కోచ్ అంటే పొద్దున సైన్స్ టీచర్, ఫాల్‌లో ఫుట్‌బాల్ అసిస్టెంట్, స్ప్రింగ్‌లో ట్రాక్. పెద్ద స్కూల్ నుంచి ఒక ఉద్యోగం కాల్ వచ్చిందంటే ఆ టీచరుతో పాటు మూడు టీమ్‌ల కోచ్ పోయినట్టు. మా దగ్గర హెడ్ కోచ్ మారినప్పుడు యూత్ క్లబ్ నడిపే తల్లిదండ్రులే పిల్లల్ని పట్టి ఉంచారు. అందుకే నేను క్లబ్‌ని స్కూల్ చేతిలో కాకుండా ఊరి చేతిలో ఉంచమంటాను. మ్యాట్ స్కూల్‌ది వాడుకోండి, బాధ్యత తల్లిదండ్రులది.

డాక్టర్ అన్నా, ఇంకో మాట. మీకు డ్యూయల్స్‌లో గెలుపు రాకపోతే టోర్నమెంట్ల మీద దృష్టి పెట్టమని చెప్పండి. టోర్నమెంట్‌లో ఖాళీ వెయిట్‌కి అవతలివాళ్లకి ఊరికే పాయింట్లు పోవు, మనకి రావాల్సినవి రావు, అంతే. నలుగురు గట్టి పిల్లలుంటే, నలుగురూ ఫైనల్స్ దాకా పోతే, పద్నాలుగు మంది మామూలు పిల్లలున్న టీమ్‌ని దాటేయొచ్చు. షెడ్యూల్‌లో శనివారం టోర్నమెంట్లు పెంచి, డ్యూయల్స్ తగ్గించి, ఆ డ్యూయల్స్ కూడా మీలాంటి చిన్న స్కూళ్లతోనే పెట్టుకోండి. రెండు వైపులా ఖాళీ ఉన్న వెయిట్‌కి ఎవరికీ పాయింట్లు రావు కాబట్టి స్కోరు మ్యాట్ మీదే తేలుతుంది.

అయోవా_నాన్న

ఈ టోర్నమెంట్ సంగతి నాకు తట్టలేదు. మా షెడ్యూల్లో పెద్ద స్కూళ్లతో పాతకాలం నుంచి వస్తున్న డ్యూయల్స్ చాలా ఉన్నాయి, కాన్ఫరెన్స్ వల్ల కొన్ని తప్పవు. మిగతావి మార్చమని అడుగుతాను.

ఇక కో-ఆప్ సంగతి. పక్క ఊరితో పూర్తిగా కలిపేయడం మీద ఎవరికైనా అనుభవం ఉందా?

చారల_చొక్కా

మా మిన్నెసోటాలో ఇది సర్వసాధారణం. కాలెడోనియా-హ్యూస్టన్, రాయల్టన్-అప్సాలా, ఇలా స్కోర్‌బోర్డ్ మీద రెండేసి ఊళ్ల పేర్లు. ఆటగా చూస్తే లాభమే. వెయిట్లు నిండుతాయి, పార్ట్‌నర్లు దొరుకుతారు, ఇద్దరు కోచ్‌లుంటారు.

మూడు విషయాలు మాత్రం ముందే తేల్చుకోండి. చాలా రాష్ట్రాల్లో రెండు స్కూళ్ల విద్యార్థుల సంఖ్య కలిపి విభాగం నిర్ణయిస్తారు, కాబట్టి చిన్న విభాగం నుంచి పైకి పోయే అవకాశం ఉంది. మీ రెండు స్కూళ్లు కలిపితే ఎక్కడ పడతారో ముందే లెక్క వేసుకోండి. రెండోది, ఒకే వెయిట్‌లో రెండు ఊళ్ల పిల్లలుంటే ఒకడు కూర్చోవాలి. ఇన్నాళ్లూ వర్సిటీ ఆడినవాడు కూర్చుంటే ఆ ఇంట్లో కో-ఆప్ అంటే చేదుగా ఉంటుంది. రెజిల్-ఆఫ్ (ఒకే వెయిట్ వాళ్లు స్థానం కోసం తలపడటం) నియమాలు కాగితం మీద రాసి, సీజన్ ముందే తల్లిదండ్రులకి చదివి వినిపించండి. మూడోది ప్రాక్టీస్ ఎక్కడ అన్నది. రోజూ ఒక ఊరి పిల్లలే బస్సెక్కాల్సి వస్తే రెండో ఏడాదికి ఆ ఊరి నుంచి ఎవరూ మిగలరు. నేను చూసిన మంచి కో-ఆప్‌లు నెల నెలా గది మార్చుకుంటాయి.

జెర్సీ రంగు గురించి జరిగినంత గొడవ దేని గురించీ జరగదు. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. స్కూల్ పేరు పోయిన ఊళ్లకి ఆ సింగ్లెట్ (రెజ్లింగ్ జెర్సీ) మీది పేరే మిగిలి ఉంటుంది. అయోవాలో స్కూల్ డిస్ట్రిక్టులు కలిసిపోతూ పోతూ ఇప్పుడు మూడు వందల పైచిలుకు మిగిలాయి. మీ పక్క ఊరివాళ్లు పేరు గురించి పట్టుబడితే, వాళ్లు ఇప్పటికే ఒకసారి స్కూల్‌ని పోగొట్టుకున్నారేమో అడిగి చూడండి.

సుజాత_కాన్సస్

చారల చొక్కా గారు రాసిన చివరి మాట నిజం. మా పక్క ఊరికి సరిగ్గా అదే జరిగింది.

నేను మా కోచ్‌తో మాట్లాడాను. నోవిస్ టోర్నమెంట్ గురించి అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు. తల్లిదండ్రులు ఎవరూ అడగరు కాబట్టి పిల్లలకి అక్కర్లేదనుకున్నారట. అసెస్‌మెంట్ కాగితం కూడా చూపించారు, మా వాడి కనీస బరువు 106 కంటే ఎక్కువే ఉంది. థాంక్యూ డాక్టర్ గారూ.

శ్రీను_ఫ్రిస్కో

డాక్టర్ గారూ, ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీ వాడు నిజంగా బాగా ఆడతాడంటే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో (వేరే డిస్ట్రిక్ట్ స్కూల్లో చేరే వీలు) పెద్ద స్కూల్‌కి మార్చేయొచ్చు కదా?

అయోవా_నాన్న

తప్పేమీ లేదు శ్రీను గారూ, మా ఇంట్లోనే ఆ చర్చ జరిగింది. ఇక్కడ అలా మారితే సాధారణంగా 90 స్కూల్ రోజులు వర్సిటీ ఆడనివ్వరు, అంటే ఒక సీజన్ దాదాపు పోయినట్టే. అది కూడా కారణం కాదు. వాడు వెళ్తే ఎనిమిది మంది మిగులుతారు. వాడి పార్ట్‌నర్‌కి పార్ట్‌నర్ ఉండడు. ఆ కుర్రాడి తాతగారు నా పేషెంట్, నేను వచ్చిన మొదటి చలికాలం మా డ్రైవ్‌వేలో మంచు తీసింది ఆయనే. మా వాడే వెళ్లనన్నాడు, మేం బలవంతం చేయలేదు.

మీటింగ్‌లో ఏం చెప్పాలో ఇప్పుడు నాకు స్పష్టంగా ఉంది. ఈ ఏడాది పూర్తి కో-ఆప్ వద్దు, పక్క స్కూల్‌తో వారానికి రెండు సాయంత్రాలు ఉమ్మడి ప్రాక్టీస్, ఒకటి ఇక్కడ ఒకటి అక్కడ. అది ఒక సీజన్ సవ్యంగా నడిస్తే కో-ఆప్ మాట అప్పుడు. అమ్మాయిల టీమ్ కోసం సైన్-అప్ షీట్, దానికి మా ఆవిడ ముందుంటానంది. ఎలిమెంటరీ పిల్లలకి శనివారం క్లబ్. చర్మ పరీక్షలు నేను ఉచితంగా చేస్తాను.

లక్ష్మి_పీఏ

సైన్-అప్ షీట్ గోడకి అంటించి వదిలేయకండి. ఇద్దరు అమ్మాయిల్ని విడిగా పిలిచి అడగమనండి. ఒక్కర్నే అడిగితే రారు, ఇద్దరైతే వస్తారు. వాళ్లు ఇంకో ఇద్దర్ని తెస్తారు. వీలైతే మహిళా కోచ్‌ని, కనీసం ఒక వాలంటీర్‌ని చూడండి. తల్లులు ముందు అడిగేది అదే.

బోధన్_పోరడు

అన్నా, మీరు పశ్చిమ అయోవా అన్నారు కదా. మిస్సోరీ నది దాటితే మా దగ్గరికి గంటన్నర లోపే ఉంటుందనుకుంటాను. సీజన్ అయ్యాక ఏప్రిల్ నుంచి మేం ఆదివారం మధ్యాహ్నాలు ఫ్రీస్టైల్, గ్రీకో (ఒలింపిక్స్‌లో ఆడే కుస్తీ పద్ధతులు) ప్రాక్టీస్ పెడతాం, ఏ స్కూల్ పిల్లలైనా రావొచ్చు. మా దగ్గర 126 ఒకడు, 138 ఇద్దరు ఉన్నారు. ఆ ఇద్దర్లో ఒకడు ఎడమచేతి వాటం, మీ వాడికి అలాంటివాడు ఎప్పుడూ తగిలి ఉండడు. పార్ట్‌నర్‌ని కూడా తీసుకురండి. షూస్, మౌత్‌గార్డ్ చాలు. అడ్రస్ ప్రైవేట్ మెసేజ్‌లో పంపుతున్నాను.